ఫ్యూజులు మింగిన ఫ్లాషర్: ఒక మీడియం వేవ్ టవర్ హెచ్చరిక దీపాల కేస్ స్టడీ

ఈ కేసులో మేం మార్చింది ఒకే ఒక్క పెట్టె. టవర్ మీది ఎర్ర దీపాలను వెలిగించి ఆర్పే పాత మెకానికల్ ఫ్లాషర్ తీసేసి, దాని స్థానంలో కదిలే భాగాలు లేని ఎలక్ట్రానిక్ పెట్టె, అంటే సాలిడ్ స్టేట్ ఫ్లాషర్ పెట్టాం. మధ్యాహ్నం మొదలుపెడితే సాయంత్రానికి అయిపోయే పని. అది నిజంగా నిలదొక్కుకోవడానికి 11 వారాలు పట్టింది. ఆ వారాల్లో మేం వేసుకున్న ప్రతి అంచనా వినడానికి సబబుగానే ఉండేది, అయినా ఒకదాని తర్వాత ఒకటి తప్పని తేలింది. టవర్ దీపాలు చూసే తోటివాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. స్టేషన్, ఊరు, మనుషుల వివరాలు తీసేశాను.

నేపథ్యం

టవర్ ఎత్తు 120 మీటర్ల పైచిలుకు. మీడియం వేవ్‌లో ఇలాంటి టవర్ మీద వేరే యాంటెన్నా ఉండదు, టవరే యాంటెన్నా. అడుగున పింగాణీ ఇన్సులేటర్ మీద నిలబడుతుంది. ట్రాన్స్‌మిటర్ పవర్ నేరుగా ఆ ఇనుములోకే వెళ్తుంది. ఇక్కడది 10 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్.

దీనివల్ల దీపాల పనిలో ఒక చిక్కు వస్తుంది. పైకి కరెంటు పంపాలంటే ఇన్సులేటర్‌ను దాటించాలి. మామూలు వైరు వేస్తే రేడియో పవర్ ఆ వైరు పట్టుకుని కిందికి దిగిపోతుంది. అందుకని ఈ టవర్‌కు బీకన్ల కోసం, అంటే వెలిగి ఆరే పెద్ద ఎర్ర దీపాల కోసం, రింగ్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టారు. గొలుసులో రెండు లింకుల్లాగా రెండు పెద్ద వలయాలు ఒకదానిలోంచి ఒకటి వెళ్తాయి. ఎక్కడా తాకవు, మధ్యలో ఉండేది గాలే. 50 హెర్ట్జ్ కరెంటు అయస్కాంత బంధం ద్వారా అవతలికి చేరుతుంది. రేడియో పవర్‌ను మాత్రం ఆ ఖాళీ ఆపుతుంది. ఎప్పుడూ వెలిగే సైడ్ లైట్లు తర్వాత కాలంలో చేర్చినవి కావడంతో వాటికి రేడియో పవర్‌ను అడ్డుకునే చోక్ కాయిల్స్ ద్వారా వేరే దారి ఉంది. ఈ కథలో వాటి పాత్ర లేదు.

పైన ఒక బీకన్, మధ్యలో ఒక బీకన్. ఒక్కోదానిలో 600 వాట్ల తరగతి ఫిలమెంట్ బల్బులు రెండేసి. అంతా కలిపి 2,400 వాట్లు దాటుతుంది, 230 వోల్టుల మీద పదిన్నర ఆంపియర్ల చిల్లర. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిబంధనల్లోని 14వ అనుబంధం ప్రకారం ఈ తరగతి ఎర్ర దీపం నిమిషానికి 20 నుంచి 60 సార్లు వెలిగి ఆరాలి. ఇక్కడ ముందునుంచీ 30 సార్లు పెట్టుకున్నారు.

పాత ఫ్లాషర్ గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే అది చాలా బాగా చేసిన వస్తువు. చిన్న సింక్రనస్ మోటార్, దానికి గేర్లు, గేర్ల చివర ఒక కామ్, అంటే గుండ్రంగా లేని చక్రం. కామ్ తిరుగుతుంటే ఒక చిన్న తొట్టి అటూ ఇటూ వాలుతుంది. తొట్టిలో బొటనవేలంత గాజు గొట్టం, అందులో పాదరసం. గొట్టం వాలగానే పాదరసం బొట్టు జారిపోయి చివర ఉన్న రెండు తీగలను కలుపుతుంది, పైన దీపాలు వెలుగుతాయి. తొట్టి వెనక్కి వాలినప్పుడు బొట్టు సాగి, తెగి, ఆ తెగే చోట గాజు లోపల నీలం మెరుపు ఒకటి కనిపిస్తుంది. గదిలో లైటు ఆర్పి చూస్తే ఆ నీలం మెరుపు గోడ మీద కూడా పడేది. మామూలు కాంటాక్టు ఇలాంటి మెరుపులకు గుంటలు పడి అరిగిపోతుంది. పాదరసం ద్రవం కాబట్టి ప్రతిసారీ కొత్త ముఖంతో వస్తుంది. అదే దాని బలం.

ఎంత బలం కావాలో లెక్క వేసుకోండి. నిమిషానికి 30 చొప్పున, 12 గంటల రాత్రికి 21,600 సార్లు. ఏడాదికి 78 లక్షల పైమాటే. ఆ పెట్టె 20 ఏళ్లకు పైగా పనిచేసింది.

మరి ఎందుకు మార్చారంటే, గేర్లు అరిగాయి. చలి రాత్రుల్లో గ్రీజు గట్టిపడి మోటార్ మొరాయించేది. ఒకసారి సరిగ్గా దీపాలు ఆరిన స్థితిలో ఆగిపోయింది. తెల్లవారుజామున డ్యూటీ టెక్నీషియన్ బయటికి వచ్చి చూసేదాకా టవర్ చీకట్లోనే ఉంది. నాకు ఈ ఒక్క కారణమే చాలు. రాత్రి తక్కువ ఎత్తులో వచ్చే హెలికాప్టర్ పైలట్‌కు అక్కడొక స్తంభం ఉందని చెప్పేది ఆ దీపమే. టవర్‌ను చుట్టూ లాగి పట్టుకునే స్టే వైర్లయితే అసలే కనిపించవు. దీనికి తోడు పాదరసం గొట్టాలు దొరకడం కష్టమైంది. పాదరసం వాడకంపై మినమాటా ఒప్పందం 2017లో అమల్లోకి వచ్చింది. పాదరసం స్విచ్‌లు, రిలేల తయారీకి, ఎగుమతి దిగుమతులకు అది 2020ని గడువుగా పెట్టింది, మినహాయింపులు కొద్దిపాటివే. ఉన్న గొట్టం పగిలితే ఇంకొకటి తెచ్చే దారి లేదన్నమాట.

సాలిడ్ స్టేట్ ఫ్లాషర్ ఎంచుకున్నాం. కదిలే భాగం ఒక్కటీ లేదు. టైమర్ బోర్డు, జీరో క్రాసింగ్ పద్ధతిలో పనిచేసే ట్రయాక్ అనే ఎలక్ట్రానిక్ స్విచ్, దాని వేడిని లాగేసే హీట్ సింక్. జీరో క్రాసింగ్ అంటే కరెంటు తరంగంలో వోల్టేజ్ సున్నా దగ్గరకు వచ్చినప్పుడే ఆన్ చేయడం. బల్బులకు అది మంచిదని అందరికీ తెలుసు. చల్లగా ఉన్న ఫిలమెంట్ నిరోధం వేడెక్కాక ఉండేదానిలో పది పదిహేనో వంతే, కాబట్టి వోల్టేజ్ సున్నా నుంచి మొదలైతే మొదటి దెబ్బ మెత్తగా తగులుతుంది. వర్క్‌షాప్ బల్ల మీద నాలుగు బల్బులు పెట్టి రెండు రాత్రులు నడిపించాను. ఏ ఇబ్బందీ రాలేదు.

సమస్య

టవర్ దగ్గర బిగించిన మూడో రాత్రి 16 ఆంపియర్ల స్లో బ్లో ఫ్యూజు, క్షణకాలపు దెబ్బలను ఓర్చుకునే రకం, పోయింది. మార్చాం. నాలుగు రోజుల తర్వాత ట్రయాక్ షార్ట్ అయి దీపాలు ఆరకుండా వెలుగుతూనే ఉన్నాయి. అదీ మార్చాం. అలా 5 వారాల్లో 4 ఫ్యూజులు, 3 ట్రయాక్‌లు. దీపాలు పోయిన ప్రతిసారీ విమానయాన అధికారులకు కబురు చేయాలి, వాళ్లు పైలట్లకు నోటమ్ అనే హెచ్చరిక ప్రకటన ఇవ్వాలి. రెండోసారికే నేనొక నిర్ణయం తీసుకున్నాను. పాత మెకానికల్ ఫ్లాషర్‌ను తుడిచి, గ్రీజు మార్చి, పక్కనే గోడకు బిగించి, చేంజోవర్ స్విచ్‌తో కలిపాను. కొత్తది మొండికేస్తే పాతదానికి మారిపోవచ్చు. మా ప్రయోగాల కోసం పైలట్ చీకట్లో ఉండాల్సిన అవసరం లేదు. ఈ కేసులో మొదటి నుంచి చివరి వరకు సరైనదని నేను నమ్మే నిర్ణయం అదే.

చేసి చూసినవి

మొదటి అనుమానం రేడియో పవర్ మీద. పక్కనే 10 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్ నడుస్తోంది. ట్రయాక్‌ను ఆన్ చేసే సంకేతం వెళ్లే కాలు, అంటే గేటులోకి అంత పవర్ కొంచెం చొరబడినా అది వేళాపాళా లేకుండా ఆన్ అవ్వొచ్చు. ఇలాంటి చోట్ల పాట గట్టిగా వచ్చినప్పుడల్లా దీపం వణకడం నేను చూశాను. అందుకే పెట్టెను పూర్తిగా లోహపు డబ్బాలో పెట్టాం. లోపలికి వచ్చే ప్రతి వైరుకూ రేడియో పవర్‌ను అడ్డుకునే ఫెర్రైట్ తొడిగాం, దాన్ని ఎర్త్‌కు మళ్లించే బైపాస్ కెపాసిటర్లు వేశాం. మూడు రోజులు బాగుంది. నాలుగో రోజు ఫ్యూజు పోయింది.

రెండోది పిడుగులు. టవర్ అంటేనే పిడుగులను పిలిచే వస్తువు. లైనుకు అడ్డంగా అధిక వోల్టేజ్‌ను మింగేసే ఎంఓవీలు, ట్రయాక్‌కు అడ్డంగా వోల్టేజ్ కుదుపులను మెత్తబరిచే స్నబర్ (కెపాసిటర్, రెసిస్టర్ జంట) వేశాం. ఇవి ఎలాగూ ఉండాల్సినవే, వేసినందుకు బాధ లేదు. కానీ లాగ్‌బుక్‌లో తేదీలు వరసగా రాసి చూస్తే ఫ్యూజులు పోయిన రాత్రులన్నీ నిర్మలమైన రాత్రులు. ఆ పట్టిక ముందే వేసి ఉంటే వారం రోజులు కలిసొచ్చేవి.

మూడోది బల్బుల ఇన్‌రష్, అంటే ఆన్ చేసిన క్షణంలో అవి లాగే అదనపు కరెంటు. 25 ఆంపియర్ల ట్రయాక్ తీసి 40 ఆంపియర్లది వేశాం. ఈసారి ట్రయాక్ నిలబడింది, ఫ్యూజు ఇంకా త్వరగా పోయింది. అప్పుడు మాత్రం నాకు టెన్షన్ మొదలైంది. దెబ్బ అలాగే ఉంది, ఒకరు తట్టుకుంటే పక్కవాడి మీద పడుతోంది. పెద్ద ఫ్యూజు వేయమని ఒక సలహా వచ్చింది. వద్దన్నాను. ఫ్యూజు ఏదో చెబుతోంది, అదేమిటో తెలియకుండా దాని నోరు మూయించడం నాకు ఇష్టం లేదు.

మలుపు

నెలవారీ మెయింటెనెన్స్ రాత్రి ట్రాన్స్‌మిటర్ ఆపుతారు. ఆ రెండు గంటలు అడిగి తీసుకున్నాను. ట్రాన్స్‌మిటర్ పూర్తిగా ఆపి, షార్టింగ్ రాడ్‌తో టవర్‌ను ఎర్త్ చేసి, ఫ్లాషర్ ఒక్కటే నడిపించాం. ఫ్లాషర్ నుంచి వెళ్లే ప్రైమరీ వైరుకు కరెంట్ ప్రోబ్ తగిలించి, కరెంటు తరంగాన్ని తెర మీద గీసే ఆసిలోస్కోప్ పెట్టాను. మామూలుగా నడిచేటప్పుడు ఈ లోడుకు తరంగం శిఖరం 15 ఆంపియర్ల దగ్గర ఉండాలి. తెర మీద కొన్ని ఫ్లాష్‌లు అలాగే మొదలయ్యాయి, మొదట కాస్త ఎత్తుగా వచ్చి సర్దుకున్నాయి. మిగతావాటిలో మొదటి అరసైకిల్‌లోనే 140 ఆంపియర్ల పైకి ఒక ముల్లు. సన్నగా, నిటారుగా, ఒకే వైపుకి. ఆ తర్వాత నాలుగైదు సైకిళ్లలో అదే వైపు చిన్న ముళ్లు, తగ్గుతూ తగ్గుతూ. దాదాపు సగం ఫ్లాష్‌లు ఇలా, సగం అలా.

రేడియో పవర్ మీద నింద అక్కడితో తీరిపోయింది. ట్రాన్స్‌మిటరే లేదు, ముల్లు ఉంది.

నేను ఇంకా బల్బులనే పట్టుకుని ఉన్నాను. అప్పుడు నాతో ఉన్న జూనియర్ టెక్నీషియన్ అడిగాడు: "సార్, పైన బల్బుల లైను విప్పేసి వేద్దామా? అప్పుడూ ముల్లు వస్తే బల్బుల తప్పు కాదు కదా?"

"విప్పెయ్," అన్నాను. "ఎర్త్ రాడ్ తీయకుండానే విప్పు. కింద మెయిన్ ఆపేదాకా ఆగు."

ఇన్సులేటర్ పైనున్న జంక్షన్ బాక్సులో బీకన్ లైను విప్పాడు. మళ్లీ ఆన్ చేశాం. తెర మీద 15 ఆంపియర్ల తరంగం మాయమైంది, లోడు లేదు కాబట్టి దాదాపు గీతలా ఉంది. ముల్లు మాత్రం అక్కడే ఉంది. అదే ఎత్తు, అదే సన్నదనం. బల్బులకు సంబంధమే లేదు. ఫ్లాషర్‌కూ బల్బులకూ మధ్య ఉన్న వస్తువు ఒక్కటే, రింగ్ ట్రాన్స్‌ఫార్మర్. నా వర్క్‌షాప్ బల్ల మీద లేని వస్తువు కూడా అదే.

ఎందుకు ఇలా జరుగుతోంది

ఇది అర్థమైతే మిగతాదంతా అర్థమవుతుంది, కాబట్టి నిదానంగా చెబుతాను.

ట్రాన్స్‌ఫార్మర్ ఇనుప కోర్‌లోని ఫ్లక్స్‌ను, అంటే అయస్కాంత ప్రవాహాన్ని, మెట్ల మీద నడిచే మనిషి అనుకోండి. వోల్టేజ్ పాజిటివ్‌గా ఉన్నంతసేపూ పైకి ఎక్కుతాడు, నెగటివ్‌గా ఉన్నంతసేపూ దిగుతాడు. ఒక అరసైకిల్‌కు పది మెట్లు. నిలకడగా నడుస్తున్నప్పుడు కింద ఐదో మెట్టు నుంచి పైన ఐదో మెట్టుకు, తిరిగి కిందికి. ఏడో మెట్టు దగ్గర కప్పు ఉంది. కప్పు తగిలితే కోర్ సాచురేట్ అయినట్టు, అంటే ఇక అంతకంటే అయస్కాంతం పట్టలేదు. ఇక ఆ వైండింగ్ కాయిల్‌లా పనిచేయదు, ఉట్టి రాగి తీగ అవుతుంది. కరెంటును ఆపేది ఆ తీగ నిరోధం ఒక్కటే.

ఇప్పుడు కొత్తగా ఆన్ చేద్దాం. మనిషి నేల మీద, సున్నా దగ్గర ఉన్నాడు. జీరో క్రాసింగ్ ట్రయాక్ అరసైకిల్ మొత్తం ఇస్తుంది. పది మెట్లు ఎక్కాలి. ఏడో మెట్టు దగ్గరే కప్పు తగిలింది.

అసలు నేల మీద ఉంటేనే ఈ సంగతి. నిజానికి కోర్‌లో కొంత అయస్కాంతం మిగిలిపోతుంది. ట్రయాక్ ఆరేది కరెంటు సున్నా అయినప్పుడు. బల్బుల లోడులో అది వోల్టేజ్ సున్నాకు దగ్గరగానే వస్తుంది. సరిగ్గా అప్పుడే ఫ్లక్స్ ఏదో ఒక చివర ఉంటుంది. పాజిటివ్ అరసైకిల్ తర్వాత ఆరితే మనిషి మూడో మెట్టు మీదే ఉండిపోయాడనుకోండి. వచ్చే ఫ్లాష్ మళ్లీ పాజిటివ్‌తో మొదలైతే పదమూడో మెట్టుకు పోవాలి. నెగటివ్‌తో మొదలైతే మూడు నుంచి కింద ఏడుకు చేరతాడు, కప్పును అంటీ అంటనట్టు తాకుతాడు. తెర మీద సగం ఫ్లాష్‌లకు ముల్లు ఉండి సగానికి లేకపోవడానికి కారణం ఇదే. టైమర్‌కు మెయిన్స్‌తో పొంతన లేదు, ఏ అరసైకిల్ తగిలితే దానితో మొదలుపెడుతోంది. రెండు వలయాల మధ్య గాలి ఉన్నా, ఇనుప రింగ్ కోర్‌లో మాత్రం ఎక్కడా గాలి సందు ఉండదు కాబట్టి అయస్కాంతం బాగా మిగులుతుంది.

వోల్టేజ్ శిఖరం దగ్గర ఆన్ చేస్తే? అరసైకిల్‌లో సగమే దక్కుతుంది, ఐదు మెట్లే ఎక్కుతాడు. బల్బుకు ఏ క్షణం మంచిదో ట్రాన్స్‌ఫార్మర్‌కు అదే చెడ్డది. కేటలాగ్‌లో జీరో క్రాసింగ్ అని చూసి మంచిదనుకున్నాం. అది బల్బుకు నిజమే.

మరి పాదరసం ఎలా నెగ్గుకొచ్చింది? అది తరంగంలో ఎక్కడ పడితే అక్కడ కలిసేది. కొన్నిసార్లు శిఖరం దగ్గర, కొన్నిసార్లు సున్నా దగ్గర. దెబ్బలు పడేవి, అంత క్రమం తప్పకుండా పడేవి కాదు. పాత లాగ్‌బుక్కులు తిరగేస్తే నాలుగైదు నెలలకోసారి "ఫ్యూజు మార్చబడినది" అని ఉంది, ఏళ్ల తరబడి. కారణం ఎవరూ రాయలేదు. అక్కడి సీనియర్ టెక్నీషియన్‌ను అడిగితే, "అది దాని అలవాటండీ" అన్నారు. జబ్బు ముందునుంచీ ఉంది. కొత్త ఫ్లాషర్ దాన్ని రోజూ వచ్చేలా చేసింది.

ఏ దారి పట్టాలి

పాతదానికి తిరిగి వెళ్లొచ్చు. గొట్టాలు దొరకవు, మోటార్ ఆగితే చీకటి. వద్దు.

ఫ్లాషర్‌ను ఇన్సులేటర్ పైకి, టవర్ మీదికి మార్చొచ్చు. అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది, సమస్య మూలం నుంచే పోతుంది. సాంకేతికంగా ఇది అందమైన పరిష్కారం, నేను రెండు రోజులు దీని చుట్టూనే తిరిగాను. చివరికి వదిలేశాను. అక్కడ రేడియో పవర్ పూర్తి స్థాయిలో ఉంటుంది. పైగా ప్రతి చిన్న రిపేరుకూ ట్రాన్స్‌మిటర్ ఆపాలి. గదిలో ఉంటే రాత్రి రెండింటికైనా ఎవరైనా వెళ్లి చేంజోవర్ తిప్పగలరు.

శిఖరం దగ్గర ఆన్ చేసే రెడీమేడ్ రిలే వాడొచ్చు. ట్రాన్స్‌ఫార్మర్ కుదుటపడుతుంది, ఫిలమెంట్ మాత్రం ప్రతి ఫ్లాష్‌కూ పూర్తి వోల్టేజ్ దెబ్బ తింటుంది. ఆరిన ఆ కొద్ది క్షణాల్లో ఫిలమెంట్ పూర్తిగా చల్లారదు కాబట్టి బతకొచ్చు, కానీ ఏడాదికి 78 లక్షల సార్లు. 120 మీటర్లు ఎక్కి బల్బు మార్చే మనిషి ముఖం గుర్తొచ్చి ఇదీ వద్దనుకున్నాను.

చివరికి టైమర్ బోర్డు తీసేసి చిన్న మైక్రోకంట్రోలర్ పెట్టాం. అదే ట్రయాక్, అదే డబ్బా. మూడు మార్పులు. ఒకటి, టైమింగ్‌ను మెయిన్స్ సైకిళ్ల లెక్కన చేశాం. 67 సైకిళ్లు వెలుగు, 33 సైకిళ్లు చీకటి. 100 సైకిళ్లంటే 2 సెకన్లు, నిమిషానికి 30. వెలుగు రెండు వంతులు, చీకటి ఒక వంతు అన్నది ఫిలమెంట్ బీకన్లకు పాత పద్ధతి. పెద్ద ఫిలమెంట్ పూర్తి వెలుగుకు రావడానికి సమయం తీసుకుంటుంది కాబట్టి సగం సగం పెడితే దీపం నీరసంగా కనిపిస్తుంది. రెండు, ప్రతి ఫ్లాష్ పాజిటివ్ అరసైకిల్‌తోనే మొదలై నెగటివ్‌తోనే ముగుస్తుంది. అంటే మనిషి ఎప్పుడూ కింద మూడో మెట్టు మీద ఆగుతాడు, ఎప్పుడూ పైకే మొదలుపెడతాడు. మూడు, సాఫ్ట్ స్టార్ట్. మొదటి 12 అరసైకిళ్లలో ప్రతిదాని చివరి ముక్కతో మొదలుపెట్టి, ఆ ముక్కను పెంచుకుంటూ పూర్తి తరంగానికి వస్తాం. ఫిలమెంట్‌కూ కోర్‌కూ రెండింటికీ మెత్తన.

స్కోప్‌లో ముల్లు పోయింది. తరంగం మెల్లగా ఉబ్బుతూ వచ్చి 15 ఆంపియర్ల దగ్గర సర్దుకుంది. చాలాసేపు అలా చూస్తూ కూర్చున్నాను.

ఇంకా అయిపోలేదు

ఈసారి బల్బులు లేకుండా కూడా పరీక్షించాలనుకున్నాను, పైన లైను తెగితే ఏమవుతుందో చూడాలి కదా. లైను విప్పి ఆన్ చేశాం. రెండో ఫ్లాష్‌కే ఫ్యూజు పోయింది.

కారణం ఇది. లోడు లేని ట్రాన్స్‌ఫార్మర్ దాదాపు పూర్తిగా ఇండక్టివ్, కరెంటు వోల్టేజ్ వెనక బాగా ఆలస్యంగా వస్తుంది. మేం గేటుకు ఒక్క చిన్న పల్స్ ఇస్తున్నాం. ఆ పల్స్ వచ్చే సమయానికి ముందు అరసైకిల్ కరెంటు ఇంకా చచ్చి ఉండదు. అది చచ్చేసరికి పల్స్ దాటిపోయి ఉంటుంది, ట్రయాక్ ఆరిపోతుంది. అంటే ఒక దిక్కు అరసైకిళ్లు మాత్రమే పోతున్నాయి. కోర్‌కు అది డీసీ, అంటే ఒకే దిక్కున పారే కరెంటు లాంటిది. మనిషి ఎక్కడమే గానీ దిగడం లేదు. గేటుకు ఒక్క పల్స్ బదులు అరసైకిల్ చివరిదాకా పల్సుల వరస ఇచ్చాం, ఎప్పుడు అవకాశం వస్తే అప్పుడు పట్టుకుంటుంది. సమస్య తీరింది. ఈ పరీక్ష చేయకుండా వెళ్లిపోయి ఉంటే, ఏదో ఒక రాత్రి పైన లైను తెగగానే ఫ్యూజూ పోయేది. వెళ్లినవాళ్లు ఫ్యూజులు మారుస్తూ తెల్లార్చేవాళ్లు.

సాఫ్ట్ స్టార్ట్‌లో తరంగాన్ని కోస్తాం కాబట్టి రేడియో చప్పుడు వస్తుంది. పక్కన పెట్టిన చిన్న రేడియోలో 2 సెకన్లకోసారి "టిక్" వినిపించేది. లైనులో ఒక చోక్, కెపాసిటర్ వేస్తే పోయింది.

చీకటి కంటే ఆరని వెలుగు నయం

మెకానికల్‌దా, సాలిడ్ స్టేటా అని అడిగేవాళ్లకు నేను మొదట వేసే ప్రశ్న ఒకటే. అది చచ్చిపోయినప్పుడు దీపం ఏ స్థితిలో ఉంటుంది? మోటార్ ఆగితే కామ్ ఎక్కడ ఉందో దాన్నిబట్టి వెలుగో చీకటో, అదృష్టం. ట్రయాక్ సాధారణంగా షార్ట్ అయి చస్తుంది, అంటే దీపం వెలుగుతూనే ఉంటుంది. కానీ దాని బోర్డు చస్తే చీకటే. అందుకే రెండింటినీ కలిపాం. ట్రయాక్‌కు అడ్డంగా ఒక మామూలు కాంటాక్టర్ (కరెంటుతో పనిచేసే పెద్ద స్విచ్), విశ్రాంతిలో కలిసి, అంటే మూసుకుని ఉండేది. ఫ్లాషర్ బతికున్నంతసేపూ ఒక వాచ్‌డాగ్, అంటే దాన్ని కనిపెట్టుకుని ఉండే సర్క్యూట్, కాంటాక్టర్‌ను తెరిచి పట్టుకుంటుంది. ఫ్లాషర్ ఆగితే పట్టు వదిలేస్తుంది, కాంటాక్టర్ మూసుకుంటుంది, దీపాలు ఆరకుండా వెలుగుతాయి, గదిలో అలారం మోగుతుంది. నిబంధన ప్రకారం అది కూడా లోపమే, తెలియజేయాల్సిందే. కానీ ఆ మధ్యకాలంలో పైలట్‌కు స్తంభం కనిపిస్తుంది. వేరుగా ఒక కరెంట్ రిలే బల్బు మాడిపోతే చెబుతుంది.

స్నబర్ గురించి ఒక హెచ్చరిక. మేం వేసిన 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ద్వారా ఫ్లాషర్ ఆరి ఉన్నప్పుడు కూడా 7 మిల్లీఆంపియర్ల దాకా పోతుంది. ఫిలమెంట్‌కు అది తెలియను కూడా తెలియదు. కానీ అవుట్‌పుట్ వైరు విప్పి మీటర్ పెడితే 230 వోల్టులు చూపిస్తుంది, షాక్ కూడా కొడుతుంది. ఫ్లాషర్ ఆరి ఉందని నమ్మి చెయ్యి పెట్టకండి, ఐసొలేటర్ దించండి. రేపు ఫిలమెంట్ బీకన్ తీసి ఎల్ఈడీ పెడితే అదే 7 మిల్లీఆంపియర్లు దాని డ్రైవర్‌ను మెల్లగా నింపుతాయి, చీకటి ఉండాల్సిన సమయంలో అది మిణుకుమంటుంది. ఎల్ఈడీ బీకన్‌కు వెలిగి ఆరే ఏర్పాటు సాధారణంగా దాని లోపలే ఉంటుంది. అప్పుడు బయటి ఫ్లాషర్ పూర్తిగా తీసేసి నిరంతరం కరెంటు ఇవ్వాలి. ట్రాన్స్‌ఫార్మర్ గొడవా అంతటితో పోతుంది. ఈ టవర్‌కు ఎల్ఈడీ ఇప్పుడే ఎందుకు పెట్టలేదంటే, టవర్ పెయింటింగ్ మరుసటి ఏడాదికి ఖాయమైంది, బీకన్లు మార్చడానికి మనుషులు ఎక్కేది అప్పుడే. ఆ లోపు ప్రతి రాత్రీ దీపం సరిగ్గా వెలగాలి.

నేను మార్చుకున్న పద్ధతులు

బల్ల మీద పరీక్షించేటప్పుడు లోడు అంటే బల్బు అనుకోవడం మానేశాను. ఫ్లాషర్ అవుట్‌పుట్ నుంచి బల్బు దాకా దారిలో ఉన్న ప్రతి వస్తువునూ కాగితం మీద గీస్తాను. ట్రాన్స్‌ఫార్మర్ ఉంటే అలాంటిదే ఒకటి తెచ్చి బల్ల మీద పెడతాను. పరీక్ష మూడు స్థితుల్లో చేస్తాను. పూర్తి లోడు, సగం లోడు, లోడు లేకుండా.

అనుమానాలను వరసగా పెట్టుకునేటప్పుడు, ఏది ఎక్కువ సబబుగా ఉందో అది కాకుండా, ఏది చౌకగా కొట్టేయొచ్చో అది ముందు చూస్తున్నాను. ట్రాన్స్‌మిటర్ ఆపిన రెండు గంటలు మొదటి వారంలోనే అడిగి ఉంటే డబ్బా, ఫెర్రైట్ల మీద పెట్టిన రెండు వారాలు మిగిలేవి. బల్బుల లైను విప్పడానికి పది నిమిషాలు పట్టింది.

పాత పెట్టె తీసేముందు దాని లాగ్‌బుక్ మొత్తం చదువుతాను. ఫ్యూజు, రిలే, బల్బు ఏ తేదీన మార్చారో విడిగా రాసుకుంటాను. ఈ స్టేషన్ లాగ్‌బుక్‌లో ఇప్పుడు ఫ్యూజు మార్చినప్పుడల్లా కారణం రాయడానికి ఒక గడి ఉంది, ఆ సీనియర్ టెక్నీషియన్ గారే గీయించారు.

కొత్త ఏర్పాటు 14 నెలలుగా నడుస్తోంది. ఆ గడి ఇంకా ఖాళీగానే ఉంది. మూడో నెల చివర పాత ఫ్లాషర్‌ను గోడ నుంచి దించాం. గాజు గొట్టాన్ని తొట్టిలోంచి నెమ్మదిగా తీసి, దూదిలో చుట్టి, మూత బిగించే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, పాదరసం వ్యర్థాలు తీసుకునే వాళ్లకు అప్పగించాం. డబ్బా మూసేముందు జూనియర్ ఆ గొట్టాన్ని వెలుతురుకు పట్టి ఒకసారి వంచాడు. బొట్టు ఇంకా అంతే నున్నగా జారింది.